నయాపూల్ దగ్గరి మాస్టారు

కాలేజీకి వచ్చేటప్పుడు నయాపూల్ మీద బస్సు ఆగితే నా కళ్ళు మూసీ వైపే పోతాయి. వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టినవాడికి నీళ్ళ మీదే ధ్యాస. 1908లో ఈ మూసీ పొంగి ఊరిని ముంచేసింది. మరుసటి ఏడు, 1909 ఆగస్టు 17న, ఇదే ఊళ్ళో సయ్యద్ అబ్దుల్ రహీం పుట్టారు. ఈయన ఎవరో తెలుసా అని మా క్లాసులో అడిగితే చేతులెత్తింది ఇద్దరే. ఆ ఇద్దరూ 'మైదాన్' సినిమా చూసినవాళ్ళు!

రహీం సాబ్ ఉస్మానియాలో చదివి బడిపంతులయ్యారు. కాచిగూడలోనూ, ఇక్కడికి దగ్గరలోని చాదర్‌ఘాట్ హైస్కూలులోనూ పాఠాలు చెప్పారు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950లో సిటీ పోలీస్ జట్టు శిక్షణ చేపట్టారు. ఆ ఏటి నుంచి వరసగా ఐదు సార్లు రోవర్స్ కప్పు మన ఊరికే వచ్చింది.

ఆయన పద్ధతి మన ల్యాబులో ప్రయోగం లాంటిది. కుడికాలి వాటం వాళ్ళకి ఎడమకాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవారు. బంతిని ఒక్కసారే తాకి పక్కవాడికి అందించాలని ఇంకో పోటీ. ఒక్కడి గొప్ప కాదు, పదకొండు మంది కలిసి ఆడాలన్నదే దాని సారం.

1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో, చాలామంది బూట్లు లేకుండా ఆడి, యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయ్యారు. ఇంకొకరైతే ముఖం చాటేసేవారు. ఈయన మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. 1956 మెల్‌బోర్న్‌లో మనది నాలుగో స్థానం.

ఇక 1962 జకార్తా. ఇజ్రాయెల్‌నూ తైవాన్‌నూ పిలవలేదని మన ప్రతినిధి సోంధీ అభ్యంతరం చెప్పడంతో అక్కడి జనం మన మీద మండిపడ్డారు. మన రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. ఫైనల్లో లక్షమంది దాకా జనం, అందులో ఎక్కువమంది మనకి వ్యతిరేకం. తలకి కుట్లు పడ్డ జర్నైల్ సింగ్‌ని రహీం సాబ్ డిఫెన్సు నుంచి ముందుకి పంపారు. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు. సెప్టెంబర్ 4న దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం. ఆ జట్టులో మన జంటనగరాల తులసీదాస్ బలరాం, యూసుఫ్ ఖాన్ ఉన్నారు.

నెలన్నరకే చైనాతో యుద్ధం వచ్చింది. పతకం సంగతి వెనకబడిపోయింది. 1963 జూన్ 11న ఊపిరితిత్తుల కాన్సరుతో రహీం సాబ్ కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి మళ్ళీ బంగారం రాలేదు.

సినిమాకీ కష్టాలు తప్పలేదు. 2019లో షూటింగ్ మొదలైంది. 2020లో కరోనా ఆపేసింది. 2021 మే నెలలో తౌక్తే తుపాను ముంబయిలో వేసిన మైదానం సెట్టుని పాడుచేసింది. ఆ ఆగస్టులోనే ఆయన కుమారుడు, 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టు సభ్యుడు హకీం పోయారు. 2024 ఏప్రిల్‌లో విడుదలైన సినిమాని ఆయన చూడనే లేదు.

నేను ఆ సినిమా చూసింది ఫిజిక్సు పేపరు తప్పి, చదువు మానేసి ఊరెళ్ళిపోదామనుకున్న రోజుల్లో. హెల్సింకీ దగ్గర మనసు ఆగిపోయింది. మా నాన్న రెండేళ్ళు వరసగా పత్తి పోయినా మూడో ఏడు అరక కట్టాడు. మాస్టారూ అంతే చేశారు. మిత్రులారా, నేను మళ్ళీ పరీక్షకి ఫీజు కట్టాను.